నీడ నేలకు రంగాకు తీగ: సిక్కోలు, విజయనగరం పెరళ్లకు ఏది నప్పుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంత ఇల్లున్న వాళ్లలో చాలామందికి ఎంతో కొంత నీడ నేల ఉంటుంది. ఉద్దానంలో అయితే ఇంటి వెనక కొబ్బరి, పనస. చీపురుపల్లి, బొబ్బిలి వైపు మామిడి, చింత, వేప. పట్నాల్లో రెండు మేడల మధ్య మిగిలిన సందు. అక్కడ గరిక పట్టదు, బంతి పూయదు, బీరపాదు పాకదు. వానాకాలమంతా పాచి, వేసవంతా దుమ్ము. అలాంటి చోట నేలను ఏడాది పొడవునా కప్పి ఉంచే తీగ ఏదైనా ఉంటే బాగుండుననీ, ఆకు మీద తెలుపో పసుపో చారలుంటే ఆ చీకటి మూలకు కాస్త వెలుగొస్తుందనీ అడిగే ఇల్లాళ్లు, ఇంటాయనలు ఎందరో. నర్సరీకి వెళితే మనీప్లాంటో, సింగోనియమో, పసుపు పూల వెడీలియానో చేతికిస్తారు. ఏది ఎక్కడ బతుకుతుంది, ఏది ఎక్కడ చెరుపు చేస్తుంది అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పి పంపరు.

ఈ ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పరిశీలించవలసిన అవసరం ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ రెండు జిల్లాల్లో నీడన నాటిన తీగ చచ్చిపోతే, పదింట తొమ్మిది చోట్ల కారణం వెలుతురు చాలకపోవడం కాదు, నీళ్లు చాలకపోవడం. చెట్టు నీడ అంటే చెట్టు వేళ్లు కూడా. పైన ఆకులు ఎండను పట్టుకున్నట్టే కింద వేళ్లు తడిని పట్టేస్తాయి. మార్చి నుంచి మృగశిర దాకా ఆ పోటీలో నిలబడగలిగిన మొక్కే నీడ మొక్క. ఆకు అందం, చారల రంగు ఆ తర్వాతి మాట.

నీడలన్నీ ఒకటి కావు. కొబ్బరి నీడ అన్నిటికంటే మెత్తనిది. మట్టల సందుల్లోంచి ఎండ చీలికలు చీలికలుగా దిగి, పొద్దు తిరిగేకొద్దీ నేల మీద జరుగుతూ పోతుంది. ఏ ఆకూ గంటల తరబడి మాడదు, పూర్తి చీకట్లోనూ ఉండదు. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ ఏనాటి నుంచో చెబుతున్న లెక్క ఒకటుంది. నాటిన తర్వాత ఎనిమిదేళ్ల దాకా తోటలో వెలుతురు బాగానే ఉంటుంది, ఎనిమిది నుంచి పాతికేళ్ల మధ్య నీడ చిక్కబడుతుంది, పాతికేళ్లు దాటాక చెట్టు ఎత్తు పెరిగి మళ్లీ వెలుతురు కిందికి దిగుతుంది. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలుకు రెండు మీటర్ల లోపే ఉంటాయి. చెట్టుకు చెట్టుకు ఏడున్నర మీటర్ల ఎడం ఉంటే నడిమి నేల దాదాపు ఖాళీయే. నీడ తీగకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మామిడి, పనస, జీడి నీడ ఇలా ఉండదు. గొడుగు కట్టినట్టు కమ్మేస్తుంది. ఏడాది పొడవునా మందపాటి ఆకులు రాలి, పాకే తీగ మీద పరుపులా పేరుకుంటాయి. వారానికోసారైనా చేత్తో ఏరకపోతే కింద తీగ కుళ్లుతుంది. వేప అందుకు భిన్నం. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, తీగకు నీడ మరీ అవసరమైన రోజుల్లోనే పలచబడుతుంది. కొద్ది రోజుల్లో చిగురేసి సర్దుకుంటుంది గాని ఆ మధ్యలో లేత ఆకులు మాడతాయి. చింత కింద ఏమీ మొలవదని మన ఊళ్లలో నమ్మకం. పెద్ద చింత కింద నేల గట్టిగా, పొడిగా ఉండే మాట నిజమే. అక్కడ ఏ తీగనైనా బతికించాలంటే వారానికి రెండు మూడుసార్లు నీళ్లు పట్టాలి. లేదా తీగ ఆలోచనే మానుకుని, కింద చెప్పబోయే చాగను నాటుకోవాలి.

గోడల నీడ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. తోటల గురించి ఇంగ్లిషులో వచ్చిన పుస్తకాలు ఉత్తరపు గోడ వార ఎప్పుడూ నీడే అంటాయి. ఆ మాట వాళ్ల అక్షాంశాలకు సరిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి, ఇచ్ఛాపురం పంతొమ్మిది మీద. మే మధ్య నుంచి జూలై చివరి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నెత్తిని దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. పొద్దున్నా సాయంత్రమూ ఏటవాలు ఎండ నేరుగా ఉత్తరపు గోడ మీద పడుతుంది. జూన్ మధ్య తర్వాత మబ్బు పడుతుంది కాబట్టి బెడద తగ్గుతుంది. మే నెలాఖరు పదిహేను రోజులే గండం. పది నెలలు చల్లగా నీడన పెరిగిన తెల్లచారల ఆకు, ఆ పక్షం రోజుల్లో అంచుల నుంచి కాగితంలా ఎండిపోతుంది. గోడకు రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా సరే, ఆ నెలలో సాయంత్రపు ఎండకు ఒక పాత చీరో, తాటాకో అడ్డం కట్టాలి. తూర్పు గోడ వార ఉదయపు ఎండ మేలే చేస్తుంది. పడమటి గోడ వార రంగాకు తీగ పెట్టవద్దు, పడమట చెట్టుంటే తప్ప.

ఒక చోట నీడ ఎంతుందో తెలుసుకోవడానికి పనిముట్లు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం నేలకు అడుగు ఎత్తున అరచెయ్యి చాపి చూడండి. నీడ అంచు గీసినట్టు పడితే అది ఎండ చోటు. అంచు చెదిరి, వేళ్లు మాత్రం తెలుస్తుంటే రంగాకు తీగకు సరైన చోటు. చెయ్యి నీడే కనబడకపోతే అక్కడ పచ్చాకు మొక్కలే బతుకుతాయి, రంగాకు పెట్టినా రంగు నిలవదు.

ఎందుకు నిలవదో తెలియాలంటే ఆకును దగ్గర నుంచి చూడాలి. మనీప్లాంటు ఆకొకటి కోసి ఎండకు ఎదురుగా పట్టుకుంటే, పచ్చ భాగం దట్టంగా, పసుపు భాగం దాదాపు కాంతి దూరేటంత పలచగా కనిపిస్తాయి. ఆ పసుపు చోట పత్రహరితం బాగా తక్కువ, తెల్లటి చోట లేనట్టే. అంటే ఆకులో ఆ భాగం వంట చేయదు, మిగతా భాగం వండింది తింటుంది. సగం తెల్లగా ఉన్న ఆకు, అదే కొలత ఉన్న పచ్చాకు కంటే తక్కువ సంపాదిస్తుంది. అందుకే రంగాకు రకాలు నెమ్మదిగా పాకుతాయి, నీడ చిక్కబడితే ముందుగా నీరసిస్తాయి. ఎక్కువ తెలుపున్న మార్బుల్ క్వీన్ రకానికి వెలుతురు ఎక్కువ కావాలి. పసుపు చారల మామూలు రకం తక్కువ వెలుతురుతో సర్దుకుంటుంది, కాకపోతే నీడ ముదిరేకొద్దీ కొత్తాకుల్లో పసుపు తగ్గి పచ్చబడుతుంది. మళ్లీ వెలుతురులోకి మారిస్తే తర్వాత వచ్చే ఆకుల్లో రంగు తిరిగొస్తుంది.

ఇంకో రకం పచ్చబడటం ఉంది, అది తిరిగి రాదు. చాలా రంగాకు మొక్కల్లో రెండు రకాల కణజాలాలు ఒకే కాండంలో పక్కపక్కన సాగుతుంటాయి. ఎక్కడో ఒక మొగ్గ పూర్తిగా పచ్చ కణాల నుంచి పుడితే ఆ కొమ్మ అంతా పచ్చగానే వస్తుంది. దానికి సంపాదన ఎక్కువ కాబట్టి వేగంగా సాగి, రెండు వానాకాలాల్లో రంగు కొమ్మలను తొక్కేస్తుంది. పచ్చ కొమ్మ కనబడగానే పుట్టిన కణుపు దాకా కోసెయ్యడం ఒక్కటే మందు. పూర్తి తెల్లగా వచ్చిన కొమ్మను చూసి మురిసిపోయి దాన్ని నాటుకుందామనుకుంటారు కొందరు. తల్లి నుంచి విడదీస్తే దానికి తిండి లేదు, బతకదు. పసుపు అంచుల సాన్సివేరియా ఆకును ముక్కలు చేసి నాటితే పుట్టే పిలకలకు పసుపు అంచు రాకపోవడానికి కారణం కూడా ఈ రెండు కణజాలాల పొత్తే. అంచు కావాలంటే దుంపను చీల్చి నాటాలి.

పెరట్లో రంగుమచ్చలతో కనిపించిన ప్రతి ఆకూ అలంకారం కాదని కూడా గుర్తుంచుకోవాలి. మినుముకు పల్లాకు తెగులు వచ్చినప్పుడు ఆకు మీద పడే పసుపు మచ్చలు చూడముచ్చటగానే ఉంటాయి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. గట్టు మీది కలుపు మొక్కల ఈనెలు ఉన్నట్టుండి పసుపుబారితే దాన్ని వింత రకమనుకుని ఇంటికి తెచ్చి నాటకూడదు, ముఖ్యంగా బెండ, మినుము వేసే ఇళ్లలో.

ఇక మొక్కల విషయానికొస్తే ముందు చెప్పుకోవలసింది మనీప్లాంటే. మన ఇళ్లలో సీసాల్లో, కుండీల్లో ఎంత పాతుకుపోయిందంటే ఇది ఇక్కడిదే అనుకుంటాం. దీని పుట్టిల్లు పసిఫిక్ నడిబొడ్డున, ఫ్రెంచి పోలినీషియాలోని మోరియా దీవి. 1880లో ఐరోపా ఉద్యాన శాస్త్రవేత్తలు పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. తర్వాత పేరు ఒకటికి రెండుసార్లు మారి 1964లో ఎపిప్రెమ్నం ఆరియమ్‌గా స్థిరపడింది. ఇన్నిసార్లు మారడానికి ఒక కారణం, పువ్వు చూసి పోల్చుకుందామంటే ఇది పూయకపోవడం. మొక్క పూతకు రావడానికి కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారుచేసే జన్యువు దీనిలో సరిగా పనిచేయడం లేదని 2016లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. పెరటి తోటమాలికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. పువ్వు లేదు కాబట్టి గింజ లేదు, గాలికీ పిట్టకూ వ్యాపించదు. వ్యాపించేదల్లా తెగిన ముక్కతోనే.

నేల మీద పాకినప్పుడు మనీప్లాంటు ఆకు అరచేతిని మించదు. నిలువుగా ఎక్కడానికి చెట్టు దొరికిందా, ఆకు అడుగు దాటి, చీలికలు పడి, వేరే మొక్క అనిపించేటంతగా మారిపోతుంది. కాబట్టి నేలపరుపుగా పెంచేవాళ్లు చెట్టు మొదలు చుట్టూ మూరెడు నేల ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. మామిడి బెరడు మీదికి ఒక్క తీగ ఎక్కినా ఏడాది తిరిగేసరికి దాన్ని పీకడం కష్టం. కొబ్బరికి ఎక్కనిస్తే దింపు తీసేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది. ఆకులో సూది లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు, గొంతు వాస్తాయి. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో, మేకలు దూరే దొడ్లో దీన్ని నేల మీద పరచడం మంచిది కాదు.

ఈ హెచ్చరికలన్నీ చెప్పాక కూడా, ఉద్దానం ఇసక నేలల్లో కొబ్బరి కింద, విజయనగరం ఎర్రనేలల్లో నూతి చుట్టూ, స్నానాల గది నీళ్లు పోయే వార పసుపు చారల మనీప్లాంటుకు సాటి వచ్చే తీగ లేదనే నా నమ్మకం. ఒక్కసారి వేరు పట్టాక వేసవిలో వారానికి రెండు తడులతో బతుకుతుంది. వంశధార, నాగావళి ఒండ్రు నేలల్లో మాత్రం గట్టు చేసి నాటాలి. నీళ్లు నిలిచిన బంకమట్టిలో వేరుకుళ్లు వచ్చి, కాండం మెత్తబడి, మొక్క ఒక్క వారంలో పోతుంది.

వెడీలియా గురించి ఇంత నమ్మకంగా చెప్పలేను, నిజానికి వద్దనే చెబుతాను. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఈ పసుపు పూల తీగను పార్కుల్లో, రోడ్ల పక్కన విరివిగా వేస్తున్నారు. దీనిలోనూ పసుపు మచ్చల ఆకు రకం ఉంది. ఎండకూ ఓర్చుకుంటుంది, ఉప్పుగాలికీ ఓర్చుకుంటుంది. కళింగపట్నం, బారువ, విజయనగరం తీరపు చింతపల్లి లాంటి సముద్రపు ఊళ్లలో కూడా పెరుగుతుంది. ఆ ఓర్పే చిక్కు. కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరేసి, మిగతా గడ్డినీ మొక్కనూ బతకనివ్వదు. ప్రపంచంలో అతి హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని చేర్చింది. అదే జాబితాలో మన కొండలను కమ్మేసిన లాంటానా కూడా ఉంది, గుర్రపుడెక్క కూడా ఉంది. ఆ రెండూ ఒకప్పుడు పూల అందం చూసి మన దేశానికి తెచ్చుకున్నవే. వెడీలియా కోసిన చెత్తను వాన రోజు గెడ్డలో పారేస్తే, అది కింది ఊరి పొలం గట్టు మీద మొలుస్తుంది. ఇప్పటికే వేసి ఉన్నవాళ్లు సిమెంటు అంచు లోపల బిగించి పెంచుకోవాలి. కొత్తగా వేయడానికి కారణం కనబడదు.

సింగోనియం బాణం మొన లాంటి ఆకులతో, తెల్లటి ఈనెలతో నీడలో ముచ్చటగా ఉంటుంది. నేల మీద మొదట గుబురుగా ఉండి తర్వాత పాకుతుంది. గుణాలు, దోషాలు దాదాపు మనీప్లాంటువే, దాహం కొంచెం ఎక్కువ. వెండి, ఊదా చారల జీబ్రినా తీగ కుండీ అంచు నుంచి వేలాడినప్పుడు ఎంత బాగుంటుందో నేల మీద అంత బాగుండదు. అడుగు పడితే విరుగుతుంది, రెండేళ్లకు మధ్యలో బోడిపడుతుంది. విరిగిన ముక్కలనే మళ్లీ గుచ్చుకుంటూ పోతే నిలబడుతుంది. రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది. తెల్లచారల క్లోరోఫైటం తీగ కాదు గాని, పొడుగాటి కాడల చివర పిల్లలు పెట్టి అవి ఆనిన చోట వేరూనుతుంది. లావుపాటి వేళ్లలో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి చెట్టు వేళ్ల పోటీని తట్టుకుంటుంది. విషం లేదు. పిల్లలున్న ఇంటికి, బడి ఆవరణకు మనీప్లాంటు బదులు దీన్నే సిఫారసు చేస్తాను.

వామాకును ఈ జాబితాలో చాలామంది ఊహించరు. బజ్జీలకూ, పిల్లల జలుబుకూ ప్రతి పెరట్లో ఉండే మొక్కే. దానిలో తెల్ల అంచు రకం ఉంది. కొమ్మ ఒరిగి నేలకు తగిలిన చోట వేరేస్తూ పాకుతుంది. ఉదయపు ఎండ పడే తూర్పు వారకు నప్పుతుంది. చిక్కటి నీడలో కాడలు సాగి వాలిపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. కాస్త ఎత్తు చేసి, ఇసక కలిపి నాటితే వంటింటికీ అక్కరకొస్తుంది.

చలిదేశాల పుస్తకాల్లో రంగాకు నేలతీగ అంటే ముందుగా వచ్చే పేర్లు వింకా మేజర్, ఐవీ, యుయోనిమస్. వింకా తెల్లంచు ఆకులతో, నీలం పూలతో చెట్ల కింద పరుచుకున్న ఫొటోలు చూసి ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లున్నారు. అది మధ్యధరా వైపు మొక్క. చల్లని రాత్రులు దానికి ఊపిరి. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఉక్కపోసే మన కోస్తాలో అది తాళదు. దాని చుట్టమైన బిళ్లగన్నేరు మన ఊళ్లలో గోడ పగుళ్లలో సైతం పూస్తుంది గాని అది మడగాస్కర్ మొక్క, దానికి ఎండ కావాలి, పాకదు కూడా.

బయటి మొక్కల గురించి ఇంత చెప్పాక మన కొండల వైపు చూడకపోతే తప్పవుతుంది. చాగ అనే మొక్క పేరు ఈ తరంలో చాలామందికి తెలియదు. తూర్పు కనుమల గుట్టల మీద, తుప్పల నీడన, రాళ్ల సందుల్లో గుంపులుగా పెరుగుతుంది. మన నర్సరీల్లో అమ్మే సాన్సివేరియాకు దగ్గరి చుట్టం. ఒకప్పుడు దీని నారతో తాళ్లు పేనేవారు. శాస్త్రీయ నామంలో రాక్స్‌బర్గియానా అని ఉంటుంది. సామర్లకోటలో పద్దెనిమిదో శతాబ్దం చివర ఉద్యానం నడిపి, ఈ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరు అది. చాగ ఆకు పొడవుగా, గట్టిగా, లోపలికి కాలవలా వంగి, లేత పచ్చ మీద ముదురు పచ్చ అడ్డచారలతో ఉంటుంది. చివర ముల్లులాంటి మొన. తీగలా పాకదు, నేల కింద దుంపతో పాకుతుంది. నెమ్మదిగా, వరసగా, చెప్పిన చోటే. చింత కింద, పడమటి గోడ వార, నీళ్లు అందని బడి ప్రహరీ లోపల, ఇంకే మొక్కా నిలవని చోట ఇది నిలుస్తుంది. మనకు కావలసిన రంగాకు, ఏడాది పచ్చదనం, నీడ ఓర్పు మూడూ ఉన్న ఈ నేల మొక్కను పక్కనబెట్టి పసిఫిక్ దీవి తీగ కోసం వెతకడం నాకు బాధగా ఉంటుంది. కొండ మీద నుంచి పెకలించి తేవడం మాత్రం తగదు. ఎవరి దొడ్లోనైనా ఉంటే ఒక దుంప ముక్క అడిగి తెచ్చుకుంటే మూడేళ్లలో సరిపడా అవుతుంది.

పిప్పలి ఇంకొకటి. ఆకు మీద చారలుండవు, నిగనిగలాడే ముదురు పచ్చే. ఉమ్మడి విశాఖ ఏజెన్సీలో చింతపల్లి వైపు గిరిజన రైతులు వేరు కోసం, అంటే పిప్పలి మోడి కోసం దీన్ని పండిస్తారు. సగం నీడ, తడి ఉంటే నేలను దట్టంగా కప్పేస్తుంది. నూతి పక్కన, పంపు కింద నీళ్లు జారే చోట మనీప్లాంటు వేసే బదులు పిప్పలి వేస్తే పెరట్లో ఒక మందు చెట్టు ఉన్నట్టవుతుంది. అదే తడిలో సరస్వతి ఆకు కూడా బాగా పాకుతుంది. భూచంపకం ఆకుల మీద వెండి మచ్చలు ఎంతో అందంగా ఉంటాయి గాని ఎండాకాలానికి ముందే ఆకు దింపేసి దుంపలోకి వెళ్లిపోతుంది. ఏడాది పచ్చదనం కావాలనుకునేవాళ్లకు పనికిరాదు.

తోటల్లో ఇవన్నీ వేయవచ్చా అని అడిగే రైతులకు నా జవాబు, జీడి కిందా మామిడి కిందా వద్దనే. జీడిపండు పండి రాలాక గింజ నేల మీద నుంచి ఏరుకోవాలి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఆ ఏరుకునే నెలల్లో చెట్టు కింద నేల చీపురుతో ఊడ్చినంత శుభ్రంగా ఉండాలి. తీగ కింద దాగిన గింజ దొరకదు, దొరికినా ముక్కిపోయి ఉంటుంది. మామిడి చిక్కు వేరు. సువర్ణరేఖ అయినా మరొకటైనా, పూతకు ముందు రెండు మూడు నెలలు నేల ఆరి చెట్టుకు విశ్రాంతి దొరకాలి. ఆ నెలల్లో కింది తీగకు తడి పెడుతూ ఉంటే చెట్టు పూత మాని చిగురు వేస్తుంది. కాపు మామిడి కింద నీళ్లడిగే తీగ పెంచడమంటే కాపు పోగొట్టుకోవడమే. కొబ్బరి తోటలో అయితే నేల ఖాళీగా ఉంచే బదులు పసుపో, కందో, అరటో వేసుకుంటే డబ్బొస్తుంది. సీతంపేట కొండల్లో పసుపు, అనాస పండించే సవర రైతులకు నీడ నేల విలువ మనకంటే బాగా తెలుసు. అలంకార తీగ ఇంటి చుట్టూ, బడిలో, ఆస్పత్రిలో, ఆఫీసు ఆవరణలో ఉండవలసినది.

నాటడానికి అదను ఆషాఢం. నైరుతి వానలు మన దగ్గర జూన్ మధ్యకు అందుకుంటాయి. నేల రెండు మూడు వానలకు తడిశాక నాటితే అక్టోబరు నాటికి వేరు లోతుకు దిగుతుంది. రెండు కణుపులున్న తీగ ముక్క కోసి, కింది కణుపు మట్టిలో, పై కణుపు బయట ఉండేలా ఏటవాలుగా గుచ్చాలి. కణుపు దగ్గర గోధుమరంగు ముల్లులా పొడుచుకొచ్చిన వేరు మొన ఉన్న ముక్కలు వారం పది రోజుల్లో పట్టుకుంటాయి, అది లేని ముక్కకు రెట్టింపు కాలం కావాలి. అడుగుకొకటి చొప్పున నాటితే చదరపు మీటరుకు పదకొండు ముక్కలు పడతాయి. పచ్చ రకం ఒక్క వానాకాలంలో కమ్ముకుంటుంది, రంగాకు రకానికి రెండోది కూడా కావాలి. ఈ లోపు ఖాళీల్లో కొబ్బరి పీచో, ఎండాకో పరచాలి. చెట్టు వేళ్లను గునపంతో నరికి గోతులు తీయకండి. వేళ్ల మీద రెండంగుళాల మట్టి, పశువుల ఎరువు పరిచి అందులో నాటితే చాలు, అంతకంటే మందం వేస్తే చెట్టు వేరుకు గాలి ఆడదు.

కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు షేడ్‌నెట్ కింద, రోజుకు రెండుసార్లు నీళ్లతో పెరిగినవి. వాటిని తెచ్చిన రోజే నేలలో పెట్టకుండా పది పదిహేను రోజులు ఇంటి అరుగు మీద ఉంచి, నీళ్లు తగ్గిస్తూ అలవాటు చేయాలి. ఎరువు ఏడాదికి రెండుసార్లు చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు పచ్చబడి చారలు మాసిపోతాయి. ఉద్దానంలో తాగే నీటికే ఇబ్బంది పడిన ఊళ్లున్నాయి. అలాంటి చోట తీగకు బోరు నీళ్లు తోడిపోయడం నాకు మనస్కరించదు. బియ్యం కడుగు, స్నానపు నీళ్లు సరిపోయినంత మేరకే పరుపు పెంచుకోవాలి.

ఈ తీరంలో తుపాను సంగతి లేకుండా నీడ గురించి మాట్లాడలేం. 2013 అక్టోబరులో పైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో వచ్చిన తిత్లీ ఉద్దానంలో తరాలుగా ఉన్న కొబ్బరి, జీడి, పనస తోటలను ఒక్క పూటలో పడగొట్టింది. తోటతో పాటు నీడ పోయింది. నీడలో పెరిగినదంతా ఆశ్వయుజపు ఎండలో నిలబడాల్సి వచ్చింది. నీడాకు పలచగా, వెడల్పుగా ఉంటుంది. ఒక్కసారిగా ఎండ తగిలితే రెండు రోజుల్లో తెల్లబారి మాడుతుంది. అలాంటప్పుడు మాడిన ఆకు చూసి మొక్కను పీకేయకూడదు. నేలకు ఆనించి కోసి, పడిపోయిన కొబ్బరి మట్టలనే పైన పరిచి, తడి ఆరకుండా చూస్తే కణుపుల నుంచి ఎండను తట్టుకునే చిన్న, మందపాటి ఆకులతో మళ్లీ లేస్తుంది. కొత్త కొబ్బరి పెరిగి నీడ పట్టేదాకా ఆ చోట అరటి వేసుకుంటే తీగకూ ఇంటికీ ఆసరా.

చివరిగా పాముల మాట. మన పల్లెల్లో పెరడు రోజూ ఊడ్చి, కళ్లాపి చల్లి, గడ్డి పరక లేకుండా ఉంచడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. రక్తపింజర, కట్లపాము, నాగు మూడూ ఉన్న నేల ఇది. మోకాలెత్తు గుబురు ఇంటి గుమ్మానికి ఆనుకుని ఉంటే పెద్దలు కోప్పడతారు, వాళ్ల కోపం న్యాయమైనది. నేలతీగ వేసేవాళ్లు గుమ్మం నుంచి, నడిచే బాట నుంచి, దొడ్డి దారి నుంచి కనీసం మూడడుగులు ఊడ్చిన నేల వదలాలి. తీగ చీలమండ ఎత్తు మించకుండా ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కోయాలి. కోసేటప్పుడు కర్రతో ముందు అలికిడి చేసి, చేతికి తొడుగు వేసుకోవాలి. కప్పలూ ఎలుకలూ చేరే పాత ఇటుకలు, కొబ్బరి డొక్కలు తీగ కింద ఉండనివ్వకూడదు. ఆ డొక్కల్లో నిలిచిన నీళ్లే డెంగీ దోమకు పుట్టిల్లు, ఆకుల మీది తడి కాదు. వానాకాలంలో తీగ కింద చేరే పెద్ద ఆఫ్రికా నత్తలను సాయంత్రం వేళ ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయాలి. కోసిన తీగ ముక్కలను గెడ్డలోనో చెరువు గట్టునో పారేయకుండా, ప్లాస్టిక్ పట్టా మీద పరిచి పూర్తిగా ఎండాక పెంటకుప్పలో కలపాలి. రెండు కణుపులు పచ్చిగా మిగిలినా మనీప్లాంటు మళ్లీ లేస్తుంది.